అయిదో తీగ

మా చర్చి సంఘంలో గిటారు వాయించే మనిషిని నేనొక్కదాన్నే ఉన్నంత కాలం, చెన్నైలో ఎన్నూరు నుంచి జార్జి టౌన్ దాకా నాకు సాటి వచ్చేవాళ్లు లేరనే నమ్మకంతో బతికాను. పోటీకి ఎవరూ లేని చోట మొదటి స్థానం ఎవరికైనా వస్తుంది. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. పగలంతా జార్జి టౌన్‌లో ఒక హోల్‌సేల్ కాగితాల కొట్టులో బిల్లులు కొట్టడం, సాయంత్రం లారీల మధ్య నలిగే బస్సులో నిలబడి ఇంటికి రావడం, ఆదివారం గిటారు మెడలో వేసుకుని అందరి ముందూ నిలబడటం. ఈ మూడింట్లో చివరిది ఒక్కటే నేనూ ఒక మనిషినని నాకు గుర్తుచేసేది. అందుకే కాబోలు, దాని విషయంలో నాకు అంత పొగరు.

మాది రేకుల కప్పున్న చిన్న తెలుగు చర్చి. కరెంటు స్టేషన్లలో పనికి నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు కట్టుకున్నది. మా నాన్న కూడా అట్లా వచ్చిన ఫిట్టరే. మా దగ్గర పాట మొదలయ్యే పద్ధతి వేరు. ఎవరూ పాట నంబరు చెప్పరు, ఎవరూ శ్రుతి ఇవ్వరు. ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి మా అమ్మ కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. వాయిద్యం చేతిలో ఉన్నవాళ్లు ఆమె గొంతు ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చి కలవాలి. ఆమె వచ్చి మనల్ని కలవదు. నలభై ఏళ్లుగా ఇదే. నిజానికి వెతకడం కూడా కష్టం కాదు, మా అమ్మ ఎప్పుడు ఎత్తుకున్నా గిటారు మీద జి అనే స్వరం దగ్గరే ఎత్తుకుంటుంది. వాన, ఎండ, జ్వరం, చావు, దేనికీ ఆ జి కదలదు.

ఏటా కోతల పండుగ నాడు, గుమ్మడికాయలూ అరటిగెలలూ బల్ల ముందు పేర్చి పెట్టినప్పుడు, ఒక పాత కీర్తన మాత్రం ఆమె ఒక్కతే పాడుతుంది. ఆ పాట ఆమెదని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా అందరికీ తెలుసు.

ఆ పాటకి మొదట మా నాన్న గిటారు వాయించేవాడు. ఆయనకి వచ్చినవి సరిగ్గా మూడు కార్డులు. కార్డంటే ఏముంది, కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం. జి, ఎఫ్, డి మైనర్, ఈ మూడే. అందులో జి కూడా ఆయన సరిగ్గా పట్టేవాడు కాదు. ఆరో తీగ మీద పెట్టిన వేలు పక్కకి వాలి అయిదో తీగను మూసేసేది. లోకంలో అందరూ నొక్కి నిండుగా మోగించే ఆ తీగను ఈయన మూగదాన్ని చేసి వదిలేసేవాడు. నేను దానికి మొండి జి అని పేరు పెట్టాను. "నాయనా, ఆ తీగ ఏం పాపం చేసింది?" అని ఒకసారి అడిగితే, "ఆ తీగ మీ అమ్మకి పడదు మే" అన్నాడు. మా అమ్మకి పడనివి ఆ ఇంట్లో చాలానే ఉండేవి. వంకాయ పడదు, మా మేనత్త పడదు, ఎదురింటి రేడియో పడదు. వాటిలో తీగ కూడా చేరిందని నవ్వేసి ఊరుకున్నాను. వేలు వంగని మనిషి సాకు చెబుతున్నాడనుకున్నాను. ఆయన పోయాక గిటారు నా చేతికొచ్చింది. మొండి జి కూడా దానితోపాటే వచ్చింది. అమ్మ పాటకి అలవాటు కొద్దీ అదే వాయిస్తూ వచ్చాను.

అంతా బాగానే ఉండగా ఒక మహానుభావుడు దిగాడు. విజయవాడ వైపు మనిషి. ఇక్కడ ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. మొదటి ఆదివారమే ఒక నల్ల పెట్టె, కాలితో తొక్కే మీటల పలక, గిటారు తలకి తగిలించే ట్యూనరు, బోలెడు వైర్లు దించాడు. ఆపరేషన్ చెయ్యడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఆరాధన అయ్యాక దగ్గరికొచ్చి, "ఆంటీ, మీరు అన్నీ ప్లెయిన్ కార్డ్సే వాడుతున్నారండీ. కొంచెం రిచ్‌గా వాయిస్తే ఇంకా బాగుంటుంది కదా" అన్నాడు.

ఆంటీ! నాకు నలభై నాలుగు. అతని నుదురేమో అప్పుడే నెత్తి మీదికి పాకుతోంది.

"అట్నా బాబూ, ఇన్నాళ్లూ ఎవురూ చెప్పనే లేదే" అన్నాను. ఎగతాళి అర్థమయ్యే రకం కాదు. "పర్లేదండీ, బేసిక్ థియరీ తెలిస్తే చాలు. రెండు శనివారాలు క్లాసు పెడుతున్నాను, మీరు కూడా రండి" అని ఎంతో దయగా చెప్పాడు.

వెళ్లాను. వెళ్లకపోతే భయపడ్డానని అనుకుంటాడని వెళ్లాను. చర్చి గోడకి తెల్ల బోర్డు తగిలించి, ప్రపంచంలో సంగీతం నిన్న మధ్యాహ్నమే పుట్టినట్టు చెప్పుకొచ్చాడు. స్వరాల వరసలో ఒకటి తీసుకో, ఒకటి వదిలెయ్, ఇంకోటి తీసుకో, మళ్లీ ఒకటి వదిలెయ్, ఇంకోటి తీసుకో. ఆ మూడూ కలిపితే కార్డు. దాని మీద ఏడోది వేస్తే మేజర్ సెవెన్. తొమ్మిదోది కలిపితే ఇంకో రుచి. బిర్యానీలో జీడిపప్పు వెయ్యమన్నంత సులువుగా చెప్పాడు. "మూడో స్వరం కార్డుకి మొహం లాంటిదండీ. అది పెద్దదైతే సంతోషం, చిన్నదైతే విషాదం. అది లేకపోతే కార్డుకి మొహమే లేదు" అన్నాడు. మనిషి సంతోషాన్నీ దుఃఖాన్నీ గిటారు మీద ఒక్క మెట్టు తేడాలో తేల్చేసిన ఘనుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండో తీగను మా నాన్న ఎప్పుడూ మూడో మెట్టు మీద నొక్కేవాడు కాబట్టి, ఆయన పట్టే జి కార్డులో ఆ మూడో స్వరం పలకాల్సింది మూసేసిన అయిదో తీగ మీదే. అంటే ఇన్నేళ్లూ ఆయన మొహం లేని కార్డు వాయించాడు, ఆయన్ని చూసి నేనూ అదే వాయించాను. అందరి ముందూ! ఇదంతా ఆ సాఫ్ట్‌వేర్ మనిషి విని లోపల నవ్వుకుని ఉంటాడని నాకు చచ్చేంత సిగ్గేసింది.

పైకి వెక్కిరిస్తూనే, కొట్టులోంచి తెచ్చుకున్న పాత బిల్లు పుస్తకం వెనక అన్నీ రాసుకున్నాను. అమ్మ చేపల మార్కెట్‌కి పోయినప్పుడల్లా సాధన చేశాను. జి మేజర్ సెవెన్ మొదటిసారి నా చేతికింద మోగినప్పుడు, అబ్బ, ఏం చెప్పను! పెద్ద హోటల్లో లిఫ్టు తలుపు తెరుచుకుంటే వినిపించే సంగీతం నా రేకుల ఇంట్లో వినిపించింది. ఇక మొండి జి మొహం చూడకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఈలోగా కోతల పండుగ దగ్గరపడింది. మా పాస్టరయ్యగారు మెత్తని మనిషి. చివర ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే ఆయనకి సబబుగా తోస్తుంది. కుర్రకారంతా ఆయన దగ్గరికెళ్లి, ఆ పాత కీర్తన బదులు బ్యాండుతో కొత్త పాట పెడదామన్నారు. ఆయన నన్ను పక్కకి పిలిచి, "చూడమ్మా, మీ అమ్మగారికి డెబ్బై దాటినాయి. ఈ ఏడు పాడనిద్దాం. కొంచెం ఈ కాలానికి తగ్గట్టు కుదిరితే సరి. లేదంటే వచ్చే ఏటి నుంచి పిల్లోళ్లకి ఇచ్చేద్దాం" అన్నాడు.

నలభై ఏళ్లు పాడిన మనిషికి పరీక్ష పెట్టారన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండితే నా బుర్ర పనిచెయ్యదు. ఆ పాటకి ఎవడూ వంక పెట్టలేనంత అందమైన కార్డులు కడతాను, ఆ విజయవాడ పండితుడే నోరెళ్లబెట్టాలి, పాట అమ్మ దగ్గరే ఉండిపోవాలి అనుకున్నాను. ఇదంతా అమ్మ కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం అబద్ధం.

ఒక్కసారి అమ్మతో కలిసి వాయించి చూసుకుని ఉంటే అక్కడే బయటపడేది. అడిగాను కూడా. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "ప్రాక్టీసేంది మే? ప్రార్థనకి ఎవురన్నా ప్రాక్టీసు చేసుకోని పోతారా? చుమ్మా, ఊరికే ఉండు" అని కొట్టిపారేసింది. ఆమె జన్మలో పాటని ముందుగా పాడి చూసుకోలేదు. నేనూ బలవంతం చెయ్యలేదు. అందరితోపాటు ఆమె కూడా అక్కడే విని ఆశ్చర్యపోవాలని నా ఉబలాటం.

ఆశ్చర్యపోయింది.

పండుగ నాడు అమ్మ నీలం అంచు తెల్ల చీర కట్టుకుంది. లేచి నిలబడి, కళ్లు మూసుకుని ఎత్తుకుంది. జి దగ్గరే. మొదటి వరస ఒక్కతే పాడింది. రెండో వరసలో నేను దిగాను. జి మేజర్ సెవెన్, ఆ తరవాత సి యాడ్ నైన్, ఆ తరవాత డి నైన్, స్పీకర్ల నిండా. నా చేతిని నేనే మెచ్చుకోలుగా చూసుకున్నాను. పల్లవి ఎట్లాగో గడిచింది. చరణంలో ఆమె గొంతు పైకి పోయి ఒక స్వరం మీద నిలబడే చోటు ఉంది. అక్కడికి వచ్చి నిలబడింది. నిలబడినట్టే నిలబడి కొంచెం పైకి జరిగింది. మళ్లీ కిందికొచ్చింది. చీకట్లో మెట్టు వెతుక్కునే కాలు లాగా తడుముకుంది. కళ్లు తెరిచింది. పాట మధ్యలో మా అమ్మ కళ్లు తెరవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెకి ధైర్యం ఇద్దామని నేను ఇంకా గట్టిగా వాయించాను. అదీ నా తెలివి.

నాలుగో వరస సగంలో ఆగిపోయింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, "పట్టుకునేసింది నాయనా, మన్నించండి" అని చాప మీద కూర్చుండిపోయింది. కుర్రకారు ఎక్కడ కాచుకుని ఉన్నారో, వెంటనే కీబోర్డు అందుకుని తమ పాట మొదలుపెట్టేశారు.

భోజనాల దగ్గర ఒక్కొక్కరే వచ్చి ఓదార్చారు. "వయసయిపోయింది గదక్కా, ఎవురికైనా అంతే." "ఇన్నేళ్లు పాడినారు, ఇంకేం కావాల?" ఓదార్పు పేరుతో మనిషిని పాతిపెట్టడం మావాళ్లకి బాగా వచ్చు. అమ్మ అందరికీ తలూపింది. విజయవాడ పండితుడు నా పక్కకొచ్చి, "మామ్మగారికి పిచ్ పోయింది, పాపం. మీ మేజర్ సెవెన్ మాత్రం కేక, అక్కా" అన్నాడు. ఆంటీ నుంచి అక్కనయ్యాను. సిగ్గులేనిదాన్ని, నవ్వాను.

ఆ తరవాత ఇంట్లో పాట ఆగిపోయింది. బియ్యం కడిగేటప్పుడు, చేపలు తోమేటప్పుడు, తలకి నూనె రాసుకునేటప్పుడు అమ్మ నోట్లో ఏదో ఒక కీర్తన నలుగుతూనే ఉండేది. అదుందని కూడా నేనెప్పుడూ గమనించలేదు, పోయాకే తెలిసింది. ఆదివారం ముందు చాప వదిలేసి వెనక స్తంభం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. అందరూ పాడుతుంటే పెదవులు మాత్రం కదిపేది. ఒక రోజు తన పాటల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది నువ్వు పెట్టుకో మే. నాకు గొంతు పోయింది, ఇంకెందుకు?" అంది. దుఃఖం లేకుండా, కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పింది.

పండుగయిన రెండు వారాలకి ఎవరో ఆ రోజు తీసిన వీడియోని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొట్టు నుంచి తిరిగొస్తూ బస్సులో సీటు దొరికితే, చెవుల్లో పెట్టుకుని విన్నాను. నా కార్డులు ఎంత బాగున్నాయో విందామనే విన్నాను, నిజం చెప్పాలి గదా. రెండోసారి విన్నాక ఏదో తేడా కొట్టింది. నాలుగోసారికి అర్థమైంది. చరణంలో అమ్మ ఆ స్వరం మీదికి వచ్చి సూటిగా నిలబడింది. తడుముకోవడం ఆ స్వరం మీద నా గిటారు మోగిన తరవాతే.

ఆమె నాకిచ్చిన పాటల పుస్తకం సంచిలోనే ఉంది. ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరూ తాళం పేరూ అచ్చువేసి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఒక్కనాడూ చదవలేదు. ఆ పాట మీద మధ్యమావతి అని ఉంది. ఫోనులో వెతికాను. స, రి, మ, ప, ని. అయిదే స్వరాలు. గ లేదు, ద లేదు. ఆ ని కూడా చిన్న ని. బిల్లు పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని రాసుకున్నాను. స అంటే అమ్మ ఎత్తుకునే జి. నా మేజర్ సెవెన్‌లో ఉన్న బి, ఆ పాటలో అసలు లేని గ. అందులోని ఎఫ్ షార్ప్, పెద్ద ని. అమ్మ చరణంలో నిలబడేది చిన్న ని మీద, అంటే ఎఫ్ మీద. ఆమె ఎఫ్ పాడుతుంటే నేను దాన్ని ఆనుకునే ఉన్న ఎఫ్ షార్ప్ మోగించాను. ఆమె తడబడితే ఇంకా గట్టిగా మోగించాను. నిలబడిన మనిషి కాలికింద పీట లాగేసి, అయ్యో వయసయిపోయిందే అని అందరూ అంటుంటే నోరు మూసుకున్నాను.

తరవాత మా నాన్న కార్డులు రాసి చూశాను. ఎఫ్‌లో ఉన్నవి ని, రి, మ. డి మైనర్‌లో ప, ని, రి. మొండి జి లో స, ప, మళ్లీ స, మళ్లీ ప. మూడు కార్డుల్లో కలిపి ఒక్క పరాయి స్వరం లేదు. రాగం పేరు ఆయనకి తెలిసి ఉండదు, థియరీ అనే మాట కూడా విని ఉండడు. పాడుతున్న భార్య మొహం చూస్తూ, ఏ తీగ మోగితే ఆమె కనుబొమలు ముడిపడుతున్నాయో కనిపెట్టి ఆ తీగ మూసేశాడు. అడిగితే నాకు చెప్పాడు కూడా. నేను వంకాయతో కలిపి నవ్వేశాను.

థియరీలో తప్పేమీ లేదు. పాటలో ఏ స్వరాలున్నాయో ముందు చూసుకుని, వాటితోనే కార్డు కట్టమని ఆ విజయవాడ మనిషి మొదటి శనివారమే బోర్డు మీద రాశాడు. అది మామూలు విషయమేలే అని నేనే రాసుకోలేదు.

ఆ సాయంత్రమే అమ్మకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకుంటూ దాటేశాను. చెబితే ఆమె ఊరుకోదు, నలుగురికీ తెలుస్తుంది, ఇన్నేళ్లూ ఎవరి గొంతునీ ఎవరి వాయింపునీ వదలకుండా వెక్కిరించిన నా నోరు అందరి నోళ్లలో పడుతుంది. ఆ భయంతో మూడు వారాలు గడిపాను. వెనక స్తంభం దగ్గర పెదవులు కదుపుతున్న తల్లిని ప్రతి ఆదివారం చూస్తూ, నా పరువు కాపాడుకున్నాను.

మూడో ఆదివారం ముందు పాస్టరయ్యగారు ఇంటికొచ్చారు. అమ్మ నలభై ఏళ్ల పరిచర్యకి శాలువా కప్పి సన్మానం చేస్తారట. శాలువా అంటే మా దగ్గర మర్యాదగా తలుపు చూపించడం. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆయన వెళ్లాక అమ్మ ఆ నీలం అంచు చీరే తీసి ఇస్త్రీకి పెట్టింది. "ఏందమ్మా, ఒప్పుకున్నావా?" అన్నాను. "పాడలేనిదానికి పాటెందుకు మే? వాళ్లేం తప్పు చేసినారు?" అంది.

మా ఆరాధనలో సాక్ష్యాల వేళ అని ఒకటుంది. దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. సగం మంది పిల్లల మార్కులు చెప్పుకుంటారు. ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారి లేవలేదు, లేచినవాళ్లని మాత్రం తీరిగ్గా వెక్కిరించాను. ఆ ఆదివారం శాలువా బల్ల మీద మడతపెట్టి ఉంది. నేను లేచాను.

"పండగ నాడు మా అమ్మ గొంతు పోలా" అన్నాను. "ఆమె సరిగ్గానే పాడింది. వీడియో ఉంది, వినుకోండి. ఆ పాటలో లేని స్వరాలు నేను వాయించినా. గొప్పకి పోయి వాయించినా. ఆమె గొంతును పడేసింది నేనే. వయసు కాదు."

విజయవాడ మనిషి తన మీటల పలక వంక చూస్తూ తల దించుకున్నాడు. పాస్టరయ్యగారు శాలువా చేతిలోకి తీసుకుని, దాన్నేం చెయ్యాలో తెలియక అట్లాగే పట్టుకున్నాడు.

వెనక స్తంభం దగ్గర నుంచి పాట వినిపించింది. అమ్మ లేవలేదు. పల్లవి నుంచి కూడా మొదలుపెట్టలేదు. పండుగ నాడు నాలుగో వరసలో ఏ మాట దగ్గర ఆగిందో, ఆ మాట నుంచి ఎత్తుకుంది. నేను గిటారు అందుకున్నాను. ఆరో తీగ మీద వేలు పెట్టి, పక్కకి వాల్చి అయిదో తీగను మూశాను. ఆమె గొంతు మళ్లీ పైకి వెళ్లి ఆ చిన్న ని మీద నిలబడింది. కదలలేదు. ఈసారి నేనూ నిలబడి విన్నాను. కళ్లలో నీళ్లొచ్చి తీగలు కనిపించలేదు, మూడు కార్డులకి కనిపించాల్సిన పని కూడా లేదు.

పాటయ్యాక పాస్టరయ్యగారు శాలువా పట్టుకుని నీళ్లు నములుతుంటే అమ్మే చెయ్యి చాపింది. "తెచ్చినారు గదయ్యా, ఇయ్యండి. వచ్చే పండక్కి కప్పుకోని పాడతా" అంది. అందరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే, లారీల దుమ్ము నుంచి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది మే?"

"మూడు వారాలైందమ్మా."

మా సందు మలుపు తిరిగాక నెమ్మదిగా అంది.

"మూడు వారాలు వంటింట్లో గూడా నోరు తెరవలేదే నేను. నువ్వు ఆడనే కూసోని చూస్తా ఉండినావు."

ఇంటికొచ్చి గిటారు గోడకి ఆనించాను. ఆమె చీర మార్చుకుని బియ్యం కడగడానికి కూర్చుంది. కొంచెంసేపయ్యాక పాట మొదలైంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఆమె పిలిచేదాకా లోపలికి పోకుండా, చివరి చరణం వరకూ విన్నాను. ఆమె పిలవలేదు.